పాత కారు బాగు చేయించాలా, మార్చేయాలా? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక వైపు ఒక వర్క్‌షాపులో ఎస్టిమేట్లు రాయడం నా పని. కాగితం చేతికివ్వగానే ఎక్కువమంది అడిగే మాట ఒక్కటే: "ఇంత పెట్టొచ్చా అండీ, లేకపోతే ఇచ్చేసి వేరేది తీసుకోమంటారా?" బంధువుల ఫోన్లలోనూ ఇదే ప్రశ్న. అందుకే మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలో దాని దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## అనుమానం మొదలైనప్పుడు

కారు లక్షన్నర కిలోమీటర్లు దాటింది. ఇంక దాని పని అయిపోయినట్టేనా?

కాదు. వేళకి ఆయిల్ మార్చిన ఇంజిన్ రెండు లక్షలు దాటి నడవడం మేం రోజూ చూస్తూనే ఉంటాం. మీటర్ మీద అంకె కంటే ఆ కిలోమీటర్లు ఎక్కడ తిరిగినవన్నది ముఖ్యం. హైవే మీద శ్రీకాకుళం, రాజమండ్రి తిరిగిన లక్షన్నర కంటే, మధురవాడ నుంచి గాజువాకకి రోజూ సిగ్నళ్ల మధ్య నలిగిన ఎనభై వేలే క్లచ్‌నీ బ్రేకుల్నీ ఎక్కువ తింటాయి. అరకు ఘాట్ తరచూ ఎక్కి దిగే బండైతే ఇంకా తొందరగా అరుగుతుంది.

సర్వీసు బిల్లులు బయటికి తీయండి. ఆయిల్ మార్పులు వరసగా కనిపిస్తే ఆ కారుకి ఇంకా ఆయుష్షు ఉన్నట్టే. మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే, తక్కువ తిరిగిన కారునైనా అనుమానంగానే చూడాలి.

సముద్రం పక్కన ఉన్నందుకు విశాఖలో కార్లు తొందరగా పాడవుతాయంటారు. నిజమేనా?

నిజం. ఇంజిన్ సంగతి వేరు, దెబ్బ తినేది రేకు. గాలిలో ఉప్పు, ఏడాది పొడవునా తేమ, పోర్టు చుట్టుపక్కలైతే బండి మీద పేరుకునే నల్లటి ధూళి. ఆ ధూళి తేమని పట్టి ఉంచుతుంది, ఉప్పు తుప్పుని తొందర చేస్తుంది. పెదవాల్తేరులోనో భీమిలి రోడ్డులోనో ఆరుబయట నిలబడే కారుకీ, పెందుర్తిలో షెడ్డు కింద ఉండే కారుకీ ఒకే వయసున్నా అడుగుభాగం ఒకేలా ఉండదు.

కాబట్టి నా మాట: మన ఊళ్లో పాత కారు గురించి నిర్ణయం తీసుకునే ముందు బానెట్ ఎత్తడం కాదు, కారుని లిఫ్ట్ మీద ఎత్తించి కిందనుంచి చూడండి. ఇంజిన్ పోతే విప్పి బాగు చేయొచ్చు. బండిని మోసే రేకు తినేసిందంటే ఎంత మంచి ఇంజిన్ ఉన్నా ఉపయోగం లేదు. ఎస్టిమేట్ కోసం వచ్చినవాళ్లలో చాలామంది ఇంజిన్ చప్పుడు గురించే చెబుతారు, కింద ఎలా ఉందో ఎప్పుడూ చూసి ఉండరు.

తుప్పు కనిపించింది. ఎంతవరకు ఉంటే పర్వాలేదు?

తుప్పు ఎంత ఉంది అనేదానికంటే ఎక్కడ ఉంది అన్నది చూడాలి. తలుపు అంచు, డిక్కీ మూత, బానెట్ కొన, వీల్ ఆర్చ్ పై అంచు: ఇవి చూడ్డానికి బాగోవు గానీ ప్రాణానికి ముప్పు లేదు. టింకరింగ్, పెయింటింగ్‌తో సరిపోతుంది. సైలెన్సర్ తుప్పు పడితే సైలెన్సర్ మార్చుకుంటే చాలు.

భయపడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. తలుపుల కింద బండి పొడవునా ఉండే రన్నింగ్ బోర్డు, ముందు షాక్ అబ్జార్బర్ పై కొన బిగించే చోటు, లోయర్ ఆర్మ్ బోల్టులు పట్టే చోటు, ఫ్లోర్, బ్రేక్ పైపులు. రన్నింగ్ బోర్డు కింద స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా కొడుతూ వెళ్లండి. గట్టి రేకు ఖంగుమంటుంది. తినేసిన రేకు మొద్దుగా మోగుతుంది, లోపలినుంచి పొరలు రాలిన చప్పుడు వినిపిస్తుంది. కొన్ని చోట్ల పిడి లోపలికే దిగిపోతుంది. పైన పెయింట్ మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది.

తర్వాత డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి చూడండి. తడిగా ఉండి కింద ఎర్రటి పొడి కనిపిస్తే నీళ్లు చాలాకాలంగా లోపలికి వస్తున్నట్టు.

ఒక్కచోట చిన్న కన్నం పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయొచ్చు. రెండు పక్కలా రన్నింగ్ బోర్డు పోయి, సస్పెన్షన్ పట్టే చోట్లు కూడా పొరలు లేస్తుంటే, ఆ కారు మీద పెద్ద ఖర్చు పెట్టొద్దని నేను సూటిగానే చెబుతాను. గుద్దుకుంటే లోపలివాళ్లని కాపాడాల్సింది ఆ రేకే. దాని మీద కోటింగ్ కొట్టించి కనబడకుండా చేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

సైలెన్సర్ నుంచి పొగ వస్తోంది. ఇంజిన్ పోయినట్టా?

రంగుని బట్టి చెప్పొచ్చు. నల్లపొగ అయితే ఇంధనం సరిగా కాలడం లేదు. ఎయిర్ ఫిల్టర్, ఇంజెక్టర్లు, సెన్సర్లతో తేలిపోయే పని కావచ్చు. నీలంపొగ అంటే ఆయిల్ కాలుతోంది: పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, డీజిల్ బండైతే టర్బోనో. వాల్వ్ సీళ్లు చిన్న పని, రింగులు పెద్ద పని. రెండూ ఒకటే అని ఎవరైనా అంటే నమ్మకండి.

దట్టమైన తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఆయిల్ మూత తీసి చూడండి, లోపల పాలు కలిపిన టీ రంగులో జిగురు ఉంటే నీళ్లూ ఆయిలూ కలిసినట్టే. ఆ కారుని ఇంక నడపకండి, టో చేయించండి. ఇంకో పది కిలోమీటర్లు లాగితే హెడ్ వంగిపోయి ఖర్చు ఎక్కడికో పోతుంది.

పికప్ లేదు, మైలేజీ పడిపోయింది. మార్చే టైమ్ వచ్చిందా?

ఇంత చిన్న కారణానికి కారు మార్చినవాళ్లున్నారు. ముందు టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, పట్టేసిన బ్రేకులు, జారుతున్న క్లచ్ చూపించండి. కారు ఆగాక నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక్క చక్రం మాత్రం సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు.

ఏసీకి ఏటా గ్యాస్ నింపిస్తున్నాం. కంప్రెసర్ మార్చమంటున్నారు. పాత కారుకి అంత పెట్టాలా?

గ్యాస్ అరిగిపోయే వస్తువు కాదు. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉంది. ఇక్కడి గాలికి ముందు పోయేది కండెన్సర్: అల్యూమినియం రెక్కలు తెల్లటి పొడిగా రాలుతుంటాయి. లీకు ఎక్కడో డై వేసి చూపించమనండి. కండెన్సర్ ఒక్కటే అయితే నిస్సందేహంగా చేయించండి. విశాఖ ఎండలో, ఉక్కపోతలో ఏసీ లేని కారు ఇంట్లో ఎవరూ ఎక్కరు, చివరికి ఆ కారణంతోనే అమ్మేస్తారు.

ఈ20 పెట్రోల్ వల్ల మా పాత కారు పాడైపోతుందా?

రాత్రికి రాత్రి పాడవదు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలో ఇంధనం తగిలే భాగాలు ఈ20కి తట్టుకునే మెటీరియల్‌తో ఉంటాయి. అంతకుముందువాటిలో రబ్బరు గొట్టాలు, సీళ్లు, గ్యాస్కెట్లు తొందరగా గట్టిపడే అవకాశం ఉంది. సర్వీసులో వాటిని ప్రత్యేకంగా చూడమని చెప్పండి, పగుళ్లు కనిపిస్తే మార్పించండి. ఇథనాల్‌లో పెట్రోల్ కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం సహజం. ఇథనాల్‌కి తేమని పీల్చే గుణం కూడా ఉంది, అందుకని సగం ట్యాంకుతో నెలల తరబడి కారుని నిలబెట్టకండి. ఈ ఒక్క కారణానికి కారు మార్చక్కర్లేదు.

## ఎస్టిమేట్ చేతికొచ్చాక

రిపేరు ఖర్చు బండి విలువలో సగం దాటితే మార్చేయాలంటారు. ఆ లెక్క సరైనదేనా?

ఆ లెక్కతో చాలామంది తొందరపడి నష్టపోతున్నారు. పాత కారు ధర ఎలాగూ పడిపోయి ఉంటుంది, కాబట్టి ఏ పని చేయించినా అందులో సగంలాగే కనిపిస్తుంది. పోల్చాల్సింది కారు అమ్మకం ధరతో కాదు, దాని బదులు వచ్చే కారు మీద ఏడాదికి పడే ఖర్చుతో.

ఒక ఉదాహరణ. మీ కారు అమ్మితే లక్షన్నర వస్తుంది. క్లచ్, సస్పెన్షన్, ఏసీ కలిపి ఎస్టిమేట్ 70 వేలు. దాదాపు సగం. ఇప్పుడు రెండోవైపు చూడండి. కొత్త కారుకి 8 లక్షల లోన్, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు. నెలకి ఈఎంఐ సుమారు 16,600. ఏడాదికి లక్షా 99 వేలు. అందులో మొదటి ఏడాది వడ్డీ ఒక్కటే 66 వేల పైమాట. అంటే మీరు రిపేరుకి పెట్టడానికి జంకుతున్న డబ్బు దాదాపు అంతా, కొత్త కారుకి మొదటి ఏడాది వడ్డీగానే వెళ్లిపోతుంది. దీనికి లైఫ్ ట్యాక్స్, ఫుల్ ఇన్సూరెన్స్, షోరూమ్ గడప దాటగానే తగ్గే విలువ అదనం.

70 వేల పనితో కారు రెండేళ్లు ఇబ్బంది లేకుండా నడిస్తే ఏడాదికి 35 వేలు పడింది. కొత్తదానితో పోటీయే లేదు.

అయితే ఈ లెక్క రెండు సందర్భాల్లో పనిచేయదు. బాడీ అడుగున తుప్పు తినేసి ఉంటే రెండేళ్లన్న ఆశే తప్పు. అలాగే, ఈ 70 వేలు అయ్యాక మూడు నెలల్లో ఇంకో 40 వేల పని కళ్లెదుటే కనిపిస్తుంటే దాన్ని కూడా ఇప్పుడే కలపాలి. అందుకే ఎస్టిమేట్ రాసేవాళ్లని ఈ మాట తప్పకుండా అడగండి: "ఇది అయ్యాక వచ్చే రెండేళ్లలో ఇంకేం రావచ్చు?" నిజాయితీగా చెప్పే మెకానిక్ దానికి జవాబు దాటెయ్యడు.

ఎస్టిమేట్‌లో పాతిక ఐటెంలున్నాయి. అన్నీ చేయించాలా?

మూడు రంగుల పెన్నులు తీసుకోండి. బ్రేకులు, స్టీరింగ్, బాల్ జాయింట్లు, టైర్లు ఒక రంగు: ఇవి ఈరోజే. ఆయిల్ లీకులు, బెల్టులు, కూలెంట్ గొట్టాలు రెండో రంగు: వదిలేస్తే పెద్ద నష్టం తెచ్చేవి, నెలా రెండు నెలల్లో. డెంటు, పెయింటు, సీటు కవర్లు, అరిగిన బీడింగ్ మూడోది: కారు ఉంచుకోవాలని తేల్చుకున్నాకే.

ఇంకో మాట. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు ఏ కారుకైనా అరిగేవే. వీటిని "పాత కారు తినేస్తున్న డబ్బు" ఖాతాలో రాయకండి. కొత్త కారుకైనా నాలుగైదేళ్లలో టైర్లు కొనాల్సిందే.

ఇంజిన్ దించాలంటున్నారు. నమ్మాలా?

కొలిచి చూపిస్తే నమ్మండి. కంప్రెషన్ టెస్ట్ చేసి ప్రతి సిలిండర్ అంకె కాగితం మీద రాసివ్వమనండి. అన్నీ దగ్గరదగ్గరగా ఉండి ఒక్కటే బాగా తగ్గితే సమస్య ఆ ఒక్క చోటే. అన్నీ పడిపోయి, ఆయిల్ కూడా తాగుతుంటే అప్పుడు ఇంజిన్ దించడం గురించి మాట్లాడొచ్చు. చప్పుడు విని మాత్రమే చెప్పే తీర్పు మీద పెద్ద ఖర్చుకి ఒప్పుకోవద్దు. ఇంకోచోట చూపించుకోవడానికి మొహమాటం అక్కర్లేదు.

హాఫ్ ఇంజిన్ పనా, ఫుల్ ఇంజిన్ పనా అన్నది ముందే తేల్చుకోండి. హాఫ్ అంటే సాధారణంగా రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు. ఫుల్ అంటే బోరు కొట్టించి, పిస్టన్లు, క్రాంక్ పని, హెడ్ పని అన్నీ. ఏయే భాగాలు ఏ కంపెనీవి వేస్తారో, లేబర్ ఎంతో, వారంటీ ఎన్ని నెలలో బిల్లు మీద ఉండాలి. మార్చిన పాత భాగాలు మీకే ఇవ్వమని ముందే చెప్పండి.

నా అభిప్రాయం అడిగితే: అడుగు గట్టిగా ఉండి, ఇంకా నాలుగైదేళ్లు ఉంచుకునే ఉద్దేశం ఉంటేనే ఫుల్ ఇంజిన్. ఏడాదిలో అమ్మే ఆలోచన ఉంటే ఆ డబ్బు తిరిగి రాదు. కొనేవాడు కొత్త ఇంజిన్‌కి అంత ఎక్కువ ఇవ్వడు.

టైమింగ్ బెల్ట్ మార్చమంటున్నారు. ఏ ఇబ్బందీ లేదుగా, తర్వాత చూద్దామా?

వద్దు. ఈ ఒక్క విషయంలో వాయిదా వేయకండి. బెల్ట్ ముందు చెప్పి తెగదు. తెగితే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకి కొడతాయి, అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాలి. మీ కారుకి ఎన్ని కిలోమీటర్లకో, ఎన్నేళ్లకో మాన్యువల్‌లో ఉంటుంది. కొన్ని ఇంజిన్లకి బెల్ట్ బదులు చైన్ ఉంటుంది, ట్యాక్సీల్లో బాగా తిరిగిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ అలాంటిదే. చైన్‌కి గడువు ఉండదు గానీ స్టార్ట్ చేయగానే గలగలమంటే చూపించాలి.

ఆటోనగర్‌లో పాత పార్టు సగం ధరకే దొరుకుతోంది. వేయించొచ్చా?

తలుపు, అద్దం, హెడ్‌లైటు, బంపరు, సీటు, డ్యాష్‌బోర్డు సామాను: హాయిగా. ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటర్ అయితే టెస్ట్ చేయించి తీసుకోండి. బ్రేకులు, స్టీరింగ్ భాగాలు, బాల్ జాయింట్లు, సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగులు మాత్రం ఎప్పుడూ పాతవి వద్దు. బయటికి బాగానే ఉన్నా, ఏ ప్రమాదంలో నలిగిన బండిలోంచి విప్పారో మీకు తెలియదు.

మా కారు కంపెనీ దేశంలో అమ్మకాలే ఆపేసింది. పార్టులు దొరుకుతాయా?

షెవర్లే 2017 చివర్లో ఇక్కడ అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్, సస్పెన్షన్ సామాను వేరే తయారీదారులు చేస్తారు కాబట్టి అవి పెద్ద ఇబ్బంది కాదు. బాడీ ప్యానెళ్లు, లైట్లు, ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ల దగ్గరే కష్టం. ఇలాంటి కారుకి డబ్బు కంటే రోజులు ఎక్కువ పడతాయి. ఇంట్లో రెండో బండి ఉంటే ఉంచుకోండి. ఆ ఒక్క కారు మీదే ఆధారపడితే మార్చడం గురించి ఆలోచించండి.

ఇప్పటికే చాలా పెట్టాం. ఇప్పుడు వదిలేస్తే ఆ డబ్బంతా పోయినట్టేగా?

ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. కారు ఉంచుకున్నా రాదు, అమ్మినా రాదు. ఈరోజు చూడాల్సింది ఇక ముందు పెట్టబోయేది, దానికి వచ్చే రోజులు మాత్రమే.

ఒక నోట్‌బుక్‌లో రెండేళ్ల బిల్లులు తేదీలతో వరసగా రాయండి. వేరువేరు పనులకి వెళ్లినట్టు కనిపిస్తే అది వయసు ఖర్చు. ఒకే పని మళ్లీ మళ్లీ కనిపిస్తే అసలు జబ్బు ఎవరికీ దొరకలేదన్నమాట. రెండోదైతే ముందు మెకానిక్‌ని మార్చి చూడండి, తర్వాత కారుని.

కొత్త కారుకి మైలేజీ ఎక్కువ. పెట్రోల్‌లో మిగిలేదే ఈఎంఐకి సరిపోతుంది కదా?

సరిపోదు. నెలకి 1,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. పాతది లీటరుకి 15, కొత్తది 20 ఇస్తే మిగిలేది నెలకి 17 లీటర్ల లోపే. లీటరు 110 రూపాయలు వేసుకున్నా సుమారు 1,830 రూపాయలు. కొత్త కారు కొనడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి: ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు, రాత్రిపూట కుటుంబంతో ధైర్యంగా వెళ్లడం. పెట్రోల్ మిగులు మాత్రం వాటిలో లేదు.

ట్రావెల్స్‌కి తిప్పే బండి ఇది. సొంత కారు లెక్కే దీనికీ వర్తిస్తుందా?

వర్తించదు. షెడ్డులో నిలబడిన ప్రతి రోజూ మీకు ఆదాయం పోతుంది, పార్టీ దగ్గర మాట కూడా పోతుంది. కాబట్టి రిపేరు బిల్లుకి ఆగిన రోజుల సంపాదన కూడా కలిపి చూడండి. ఎల్లో బోర్డు బండికి మొదటి 8 ఏళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఏటేటా ఖర్చు మొదలయ్యే లోపే మార్చుకోవడం చాలామందికి కలిసొస్తుంది.

తుపాను వానకి కారు నీళ్లలో మునిగింది. బాగు చేయించుకోవచ్చా?

ముందు స్టార్ట్ చేయకండి. తాళం కూడా తిప్పకండి, వీలైతే బ్యాటరీ తీగ విప్పేయండి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే ఒక్క క్రాంక్‌తో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బీమాలో అదనంగా ఇచ్చే ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ తీసుకోకపోతే ఆ నష్టానికి బీమా డబ్బు రావడం కష్టం.

నీళ్లు ఫ్లోర్ దాకా వచ్చి ఆగితే కార్పెట్లు విప్పి ఆరబెట్టి, ఆయిళ్లు మార్చుకుని నడుపుకోవచ్చు. డ్యాష్‌బోర్డు దాకా వస్తే వైరింగ్, కంప్యూటర్, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అన్నీ తడిసినట్టే. ఇవి వెంటనే పోవు, ఆరు నెలలకి ఒకటి, ఏడాదికి ఇంకొకటి అన్నట్టు సతాయిస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక ఈ ఊరికి బాగా తెలిసిన విషయమే ఇది. పాత కారు అంత లోతు మునిగితే వదులుకోవడమే మేలు.

నాన్నగారి కారు. అమ్మబుద్ధి కావడం లేదు. ఏం చేయమంటారు?

ఉంచుకోండి. డబ్బు లెక్కకి అందనివి కొన్ని ఉంటాయి, వాటికి సంజాయిషీ అక్కర్లేదు. కాకపోతే ఉంచుకోవడమంటే కవరు కప్పి మూలన పెట్టడం కాదు. మన తేమకి నిలబడిన కారు తిరిగే కారు కంటే తొందరగా పాడవుతుంది: బ్రేకులు పట్టేస్తాయి, టైర్లు ఒకచోట చదునవుతాయి, ఎలుకలు వైర్లు కొరికేస్తాయి. వారానికోసారైనా ఇంజిన్ బాగా వేడెక్కేదాకా నడపండి. రోజువారీ పరుగులకి వేరే బండి చూసుకుని, దీన్ని ఆదివారాలకి ఉంచితే రెండూ దక్కుతాయి.

## కాగితాల దగ్గర

15 ఏళ్లు నిండితే కారుని రోడ్డెక్కనివ్వరా?

నడుపుకోవచ్చు. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత బండి చూపించి ఐదేసి ఏళ్లకి పొడిగించుకోవాలి. ఫారం 25తో, గడువుకి 60 రోజుల ముందునుంచి దరఖాస్తు చేయొచ్చు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ చెల్లుబాటులో ఉండాలి, చలాన్లు బాకీ ఉండకూడదు. కేంద్ర నిబంధనల ప్రకారం 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఈ రుసుము 5,000, మోటార్‌సైకిల్‌కి 1,000. 2025 ఆగస్టు సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకి 10,000, మోటార్‌సైకిల్‌కి 2,000 అయింది. గ్రీన్ ట్యాక్స్ దీనికి అదనం.

పద్నాలుగో ఏడు నడుస్తున్న ఏపీ 31 బండి చేతిలో ఉంటే, పెద్ద రిపేరుకి ఒప్పుకునే ముందు ఈ ఖర్చు కూడా వేసుకోండి. తనిఖీలో తుప్పు, లైట్లు, బ్రేకులు చూస్తారు కాబట్టి ఆ పనులు ఎలాగూ తప్పవు.

ఢిల్లీలో లాగా పదేళ్ల డీజిల్ కార్లని ఇక్కడా ఆపేస్తారట కదా?

డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అన్నది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఎన్‌సీఆర్ ప్రాంతానికి సంబంధించిన ఆంక్ష. మనకి వర్తించదు. ఈ మాట చెప్పి మీ డీజిల్ కారుని తక్కువకి అడిగే బేరగాళ్లుంటారు, లొంగిపోకండి.

పాత కారుకి ఫుల్ ఇన్సూరెన్స్ దండగ కదా, థర్డ్ పార్టీ సరిపోదా?

థర్డ్ పార్టీ చట్టప్రకారం తప్పనిసరి. ఫుల్ తీసుకోవాలా అన్నది ఐడీవీ, అంటే పాలసీలో మీ బండికి కట్టిన విలువ, చూసి తేల్చుకోండి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ (బాగు చేయడం దండగ అనేంత నష్టం) కింద లెక్కిస్తారు, అంటే ఐడీవీ లక్ష ఉన్న కారుకి మామూలు గుద్దుడే టోటల్ లాస్ కావచ్చు. పైగా పదేళ్లు దాటిన కారుకి మార్చే లోహపు భాగాల ధరలో సగం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో సగం మీరే పెట్టుకోవాలి. తుపానులు, దొంగతనం భయం ఉంటే ఫుల్ ఉంచండి. ఐడీవీ బాగా పడిపోయి, ప్రీమియం ఎక్కువ అడుగుతుంటే థర్డ్ పార్టీకి మారండి.

## వదిలేద్దామనుకున్నప్పుడు

అమ్మేముందు రిపేరు చేయించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

చిన్నవి చేయించండి: లైట్లు, బ్యాటరీ, శుభ్రంగా కడిగించడం, ఏసీ లీకు. పెద్దవి వద్దు. ఉన్న సంగతి చెప్పి, ఎస్టిమేట్ కాగితం చూపించి ధర తగ్గించండి. అందరికీ అదే మర్యాద.

కారు అమ్మేశాం గానీ కొన్నవాళ్లు ఇంకా ఆర్‌సీ మార్చుకోలేదు. నాకేమైనా ఇబ్బందా?

చాలా పెద్ద ఇబ్బంది. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని, ప్రమాదం జరిగితే నష్టపరిహారం బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టంగా చెప్పింది. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు చేసి చేతికిచ్చేసి ఊరుకోకండి. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీ ఎదుటే పెట్టించండి. డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైమ్ కూడా రాయించుకోండి. లోన్ తీరి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో హైపోథికేషన్ (ఆర్‌సీలో బ్యాంకు పేరు) తీయించండి. ఫాస్టాగ్ మూసేయడం చాలామంది మర్చిపోతారు, టోల్ మీ ఖాతాలోంచే పోతుంది.

ఇన్నేళ్లు క్లెయిమ్ లేకుండా సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ మీదే, కారుది కాదు. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు ఉంటుంది. బీమా కంపెనీ నుంచి లెటర్ తీసుకుంటే మూడేళ్లలోపు కొనే కారుకి వాడుకోవచ్చు.

ఎవరూ కొనేలా లేదు. పాత ఇనుము కొట్టుకి ఇచ్చేయొచ్చా?

ఇవ్వకండి. కారు ముక్కలైపోయినా రిజిస్ట్రేషన్ మీ పేరు మీదే బతికుంటుంది, దాని నంబరు ప్లేటు ఇంకో బండికి ఎక్కితే సమాధానం చెప్పాల్సింది మీరు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికే ఇవ్వండి. వాళ్లు సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ ఇస్తారు. అది చూపిస్తే కొత్త కారుకి రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు ఉంటుంది, సొంత వాహనానికి పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఇచ్చే ముందు ఆర్‌సీ రద్దు కాగితం ఎప్పుడు చేతికొస్తుందో అడిగి రాయించుకోండి.

## వేరే కారు చూసేటప్పుడు

కొత్తదా, సెకండ్ హ్యాండా?

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1,200 సీసీ లోపు పెట్రోల్, 1,500 సీసీ లోపు డీజిల్ కార్లకి ఇది వర్తిస్తుంది. కొత్తవి తగ్గాయి కాబట్టి పాతవాటి ధర కూడా తగ్గాలి. పాత రేట్లే చెప్పేవాళ్లతో గట్టిగా బేరమాడండి.

నాకైతే మూడు నాలుగేళ్ల వయసున్న, ఒకే యజమాని చేతిలో ఉన్న కారు మంచి బేరమనిపిస్తుంది. విలువలో పెద్ద కోత వాళ్ల చేతిలోనే అయిపోయి ఉంటుంది. ఊరికి లోపలివైపు, సముద్రానికి దూరంగా పెరిగిన కారు దొరికితే ఇంకా మంచిది.

ఆ సెకండ్ హ్యాండ్ కారు వరదలో మునిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. అలాంటివి బాగు చేసి వేరే ఊళ్లలో అమ్మకానికి పెడితే పైకి గుర్తుపట్టలేం. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. వాడకంలో ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి జానెడు భాగంలో మట్టి గీత కనిపిస్తే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత, ఫ్యూజ్ బాక్స్ లోపల కూడా చూడండి. ఘాటైన సెంటు వాసన వస్తుంటే దేన్ని దాస్తున్నారో అడగండి. సర్వీసు చరిత్ర, బీమా క్లెయిముల వివరాలు చూపించనివాళ్ల కారు ఎంత చవకైనా వద్దు.

మీటర్ వెనక్కి తిప్పారేమోనని అనుమానం.

పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ తోలు, డ్రైవరు సీటు అంచు చూడండి. 40 వేలే తిరిగిందని చెప్పే కారుకి క్లచ్ పెడల్ నున్నగా అరిగిపోదు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు తయారీ వారం, సంవత్సరం చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. 2022 కారుకి 2025 టైర్లు నాలుగూ ఉంటే ఎందుకు మార్చారో కనుక్కోండి.

కొన్న కారైనా, ఉంచుకున్న కారైనా ఇక్కడి ఉప్పుగాలికి ఏం జాగ్రత్త తీసుకోవాలి?

బీచ్ రోడ్డుకో రుషికొండకో వెళ్లొచ్చాక పైన తుడవడం కాదు, కింద మంచినీళ్లతో కడిగించండి. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి చిన్న కన్నాలుంటాయి, ఇసుకతో మూసుకుపోతాయి. అగ్గిపుల్లతో తీస్తే చాలు. తడి ఆరకముందే కవరు కప్పొద్దు. అండర్‌బాడీ కోటింగ్ కొత్త కారుకి వేయించండి, పాతదానికైతే తుప్పు పూర్తిగా గీకించాకే వేయించండి. బ్యాటరీ టెర్మినళ్లకి గ్రీజు లేదా వాజలిన్ రాయండి. వానాకాలం ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి లిఫ్ట్ ఎక్కించి కింద ఫోటోలు తీసి పెట్టుకోండి. రెండేళ్ల ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తుప్పు పాకుతోందో ఆగిందో మీకే కనిపిస్తుంది.